ప్రకాశం బ్యారేజీ మీద మైనస్ 60 మీటర్లు: ఉపగ్రహ నావిగేషన్ రిసీవర్ స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని లెక్కగట్టే విధానం, దశలవారీగా

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ నడిమధ్యన నిలబడి, ఉపగ్రహాల ముడి వివరాలు చూపించే యాప్ ఒకటి ఫోనులో తెరిస్తే, అక్షాంశం 16.5 డిగ్రీల దగ్గర, రేఖాంశం 80.6 డిగ్రీల దగ్గర సవ్యంగానే కనిపిస్తాయి. ఎత్తు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మైనస్ 60 మీటర్లకు అటూ ఇటూ ఒక అంకె కనిపిస్తుంది. కాళ్ల కింద కృష్ణ పారుతుండగా మనం సముద్ర మట్టానికి అరవై మీటర్ల దిగువన ఉన్నామని ఫోను చెబుతున్నట్టు తోస్తుంది. నేను మొదటిసారి ఆ అంకె చూసినప్పుడు ఫోను పాడైందనే అనుకున్నాను. ఆ అంకె తప్పు కాదని, నేను అడిగిన ప్రశ్న ఒకటి, ఫోను జవాబు చెప్పిన ప్రశ్న మరొకటి అని గ్రహించడానికి ఈ లెక్క మొత్తం మొదటి నుంచి చేసి చూడవలసి వచ్చింది. ఆ లెక్కనే, పాఠకులు తమ చేతులతో చేసి చూసుకోగలిగేలా, ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా సమకూర్చుకోవలసినవి

ఆండ్రాయిడ్ 7.0 నుంచి చాలా ఫోన్లు ఉపగ్రహాల ముడి కొలతలను బయటకు ఇస్తున్నాయి. ఆ కొలతలను చూపించి, ఫైలుగా దాచే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో ఒకటి, ఒక నోటు పుస్తకం, లెక్కలు వేయడానికి స్ప్రెడ్‌షీట్ ఉంటే చాలు. దారి చూపించే మ్యాప్ యాప్‌ను మాత్రం ఈ పనికి వాడకండి. అది మన స్థానాన్ని దగ్గరలోని రోడ్డు మీదకు జరిపి చూపిస్తుంది గనుక, రిసీవర్, అంటే ఫోనులో ఉపగ్రహ సంకేతాలను అందుకుని లెక్కగట్టే భాగం, చేసిన తప్పు మన కంటికి కనబడదు. తప్పు కనబడితేనే లెక్క అర్థమవుతుంది.

నిలబడే చోటు కూడా ముఖ్యమే. బ్యారేజీ మీద ఆకాశం నలువైపులా తెరిచి ఉంటుంది. ఇంద్రకీలాద్రి కొండ పాదాన నిలబడితే సగం ఆకాశం మూసుకుపోతుంది. వన్‌టౌన్ ఇరుకు సందుల్లోనైతే ఉపగ్రహం నుంచి సూటిగా రావలసిన సంకేతం ఎదుటి గోడకు తగిలి, చుట్టు తిరిగి వస్తుంది. ముందు బ్యారేజీ మీద, తరువాత సందులో కొలిచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి దశ: సంకేతాన్ని పట్టుకోవడం

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున, 11 గంటల 58 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ 1575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద తనదైన సంకేతాన్ని నిరంతరం ప్రసారం చేస్తుంది. అది మన దగ్గరకు చేరేసరికి ఎంత బలహీనపడుతుందంటే, ఒక వాటును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే వచ్చేంత శక్తి మాత్రమే మిగులుతుంది. రిసీవర్‌లో సహజంగా ఉండే రొద కంటే అది చిన్నది.

అయినా రిసీవర్ దాన్ని పట్టుకోగలుగుతుంది, ఎందుకంటే ప్రతి ఉపగ్రహం పాడే పాట దానికి ముందే తెలుసు. జీపీఎస్ పౌర సంకేతంలో 1,023 మెట్లున్న ఒక కోడ్ ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి తిరిగి మొదలవుతుంది. ఏ ఉపగ్రహం కోడ్ దానిదే. రిసీవర్ అదే కోడ్‌ను తనలో తయారుచేసుకుని, ముందుకూ వెనక్కూ జరుపుతూ, వచ్చిన రొదతో గుణించి కూడుతుంది. రెండూ సరిగ్గా కలిసిన క్షణంలో మొత్తం ఒక్కసారిగా పైకి లేస్తుంది. తిరునాళ్ల రద్దీలో తెలిసిన గొంతును చెవి ఏరుకోవడం ఇలాంటిదే.

యాప్‌లో ప్రతి ఉపగ్రహం ఎదుటా సంకేత బలం అంకెగా కనిపిస్తుంది. 40 దాటితే గట్టి సంకేతం, 25 కంటే తక్కువైతే నమ్మదగనిది అనుకోవచ్చు.

రెండవ దశ: ప్రయాణ కాలాన్ని దూరంగా మార్చడం

కోడ్ ఎంత జరిపితే కలిసిందో తెలిస్తే, సంకేతం ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిసినట్టే. కాంతి వేగం సెకనుకు 2,99,792.458 కిలోమీటర్లు. ఉపగ్రహం నడినెత్తిన ఉంటే సంకేతానికి సుమారు 67 మిల్లీసెకన్లు, దిగంతం దగ్గర ఉంటే సుమారు 86 మిల్లీసెకన్లు పడుతుంది. కోడ్‌లోని ఒక్కో మెట్టు దూరంలో చూస్తే 293 మీటర్లు. మెట్టులో నూరో వంతు దాకా కొలవగలిగిన రిసీవర్ దూరాన్ని మూడు మీటర్ల ఖచ్చితత్వంతో కొలుస్తున్నట్టు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కోడ్ మిల్లీసెకనుకోసారి తిరిగి మొదలవుతుంది గనుక, కోడ్ ఒక్కటే చూస్తే దూరంలో 300 కిలోమీటర్ల ముక్కలు ఎన్ని ఉన్నాయో తెలియదు. దాన్ని తేల్చడానికి, సంకేతంతో పాటు సెకనుకు 50 బిట్ల చొప్పున వచ్చే సందేశంలోని కాలపు గుర్తులను రిసీవర్ చదువుకుంటుంది.

ఫోను ఫైలులో సంకేతం బయలుదేరిన సమయం, అందిన సమయం నానోసెకన్లలో ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకొకటి తీసివేసి, కాంతి వేగంతో గుణించండి. వచ్చిన దాన్ని మిథ్యా దూరం అంటారు. అసలు దూరం అనకపోవడానికి కారణం నాలుగవ దశలో వస్తుంది.

మూడవ దశ: ఉపగ్రహం ఆ క్షణంలో ఎక్కడ ఉందో కనుక్కోవడం

దూరం ఎక్కడి నుంచో తెలియకపోతే ఆ దూరం వల్ల ప్రయోజనం లేదు. అందుకే ప్రతి ఉపగ్రహమూ తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి పంపుతూ ఉంటుంది. కక్ష్య పరిమాణం, అది వృత్తానికి ఎంత భిన్నంగా సాగి ఉంది, ఎంత వాలి ఉంది, ఒక నిర్ణీత క్షణంలో ఉపగ్రహం అందులో ఎక్కడుంది, చిన్న చిన్న ఒడిదుడుకుల దిద్దుబాట్లు ఎంత అనేవి ఆ వివరాలు. వాటిని, కక్ష్యలో ఏ క్షణాన ఎక్కడుంటుందో చెప్పే కెప్లర్ సమీకరణంలో ప్రతిక్షేపించి, భూమితో పాటు తిరిగే మూడు అక్షాల మీద ఉపగ్రహ స్థానాన్ని రిసీవర్ మీటర్లలో రాబడుతుంది. ఈ వివరాలు సుమారు నాలుగు గంటల కాలానికి పనికివస్తాయి. ఫోనులో ఇంటర్నెట్ ఉన్నప్పుడు స్థానం వెంటనే దొరకడానికి కారణం, ఆ కక్ష్య వివరాలను ఫోను ఆకాశం నుంచి అరనిమిషం వేచి వినకుండా నెట్ నుంచే తెచ్చుకోవడం.

స్వయంగా లెక్క చేసేవారు తరచుగా మరిచిపోయేది ఒకటుంది. సంకేతం దారిలో ఉన్న ఆ 70 మిల్లీసెకన్లలో భూమి తిరుగుతూనే ఉంటుంది. విజయవాడ అక్షాంశం వద్ద నేల సెకనుకు సుమారు 446 మీటర్ల వేగంతో తూర్పుకు కదులుతుంది గనుక, సంకేతం బయలుదేరిన నాటికీ అందిన నాటికీ బ్యారేజీ 31 మీటర్లు జరిగిపోయి ఉంటుంది. ఉపగ్రహ స్థానాన్ని ఆ మేరకు తిప్పకపోతే మన జవాబు తూర్పు పడమరల దిక్కున తప్పుతుంది. లెక్కంతా సరిగ్గా ఉండి జవాబు మాత్రం పాతిక ముప్పై మీటర్లు పక్కకు వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

నాలుగవ దశ: మన గడియారపు తప్పును కూడా తెలియని రాశిగా పెట్టుకోవడం

ఈ విద్యకు గుండెకాయ ఈ దశే. ఉపగ్రహాల్లో రుబీడియం, సీజియం పరమాణు గడియారాలుంటాయి. మన ఫోనులో ఉండేది చవకైన క్వార్ట్జ్ స్ఫటికం. దాని గడియారం ఒక్క మిల్లీసెకను తప్పినా దూరంలో 300 కిలోమీటర్ల తేడా వస్తుంది. విజయవాడ నుంచి హైదరాబాదుకున్న దూరం కంటే అది ఎక్కువ. అటువంటి గడియారంతో మీటర్లు ఎలా కొలుస్తారన్నదే ప్రశ్న.

ఈ జవాబును బ్యారేజీ మీదనే, గంటల మోతతో చేసి చూద్దాం. బ్యారేజీ పొడవు లెక్క సులువుగా రావడానికి 1,224 మీటర్లు అనుకుందాం. అసలు పొడవు కూడా దాదాపు అంతే. విజయవాడ ఒడ్డున ఒక గంట, సీతానగరం ఒడ్డున ఒక గంట సరిగ్గా ఆరు గంటలకు ఒకేసారి మోగుతాయి. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు. మీరు మధ్యలో ఎక్కడో ఉన్నారు, మీ చేతి గడియారం ఎంత తప్పో మీకు తెలియదు. విజయవాడ గంట మీ గడియారం ప్రకారం 6 దాటిన 2 సెకన్లకు, సీతానగరం గంట 3.6 సెకన్లకు వినిపించాయి. దూరాలుగా మారిస్తే 680 మీటర్లు, 1,224 మీటర్లు. రెండూ కలిపితే 1,904 మీటర్లు వస్తుంది గాని, బ్యారేజీ ఉన్నదే 1,224 మీటర్లు. ఎక్కువ వచ్చిన 680 మీటర్లు మీ గడియారం రెండు కొలతల్లోనూ సమానంగా చేర్చిన తప్పు. ఒక్కో కొలతకు 340 మీటర్లు, అంటే మీ గడియారం ఒక సెకను ముందుంది. తీసివేస్తే మీరు విజయవాడ ఒడ్డుకు 340 మీటర్లు, సీతానగరం ఒడ్డుకు 884 మీటర్ల దూరంలో ఉన్నారు. స్థానమూ తెలిసింది, గడియారమూ సరిపడింది.

ఒక గీత మీద స్థానం తెలియడానికి ఒక గంట చాలదు, రెండు కావాలి; రెండవది గడియారం కోసం. పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మన లోకంలో స్థానానికి మూడు, గడియారానికి ఒకటి, మొత్తం నాలుగు ఉపగ్రహాలు కావాలి. మూడు ఉపగ్రహాలు చాలునని, నాలుగవది ఖచ్చితత్వం కోసమని కొన్ని పుస్తకాల్లో రాస్తుంటారు, అది సరికాదు. ఎత్తు ముందే తెలిసి ఉంటే తప్ప మూడింటితో పని జరగదు. ఈ లెక్క వల్లనే, ఉపగ్రహాలు కనిపిస్తున్నంతసేపూ అగ్గువ ఫోనులోని గడియారం కూడా పరమాణు గడియారాల వెంట నడుస్తుంది.

ఐదవ దశ: సమీకరణాలను సాధించడం

ప్రతి ఉపగ్రహానికీ ఒక సమీకరణం రాయండి: మిథ్యా దూరం సమానం, ఉపగ్రహానికీ మనకూ మధ్య ఉన్న అసలు దూరం, కూడిక, గడియారపు తప్పును కాంతి వేగంతో గుణించినది. అసలు దూరంలో వర్గమూలం ఉంటుంది గనుక వీటిని నేరుగా సాధించడం కష్టం. అందుకే రిసీవర్ ఒక ఊహతో మొదలుపెడుతుంది. ఆ ఊహ భూకేంద్రమే అయినా ఫరవాలేదు.

ఊహించిన చోటు నుంచి ప్రతి ఉపగ్రహానికీ దూరం లెక్కగట్టి, కొలిచిన దానితో పోల్చి తేడా రాసుకోవాలి. తరువాత, మనం తూర్పుకో ఉత్తరానికో పైకో ఒక మీటరు జరిగితే ఒక్కో తేడా ఎంత మారుతుందో పట్టికగా వేయాలి. ఆ పట్టిక నుంచి తేడాలన్నింటినీ వీలైనంత తగ్గించే జరుగుబాటును కనిష్ఠ వర్గాల పద్ధతిలో (తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) రాబట్టి, ఊహను అంత మేరకు జరిపి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. భూకేంద్రం నుంచి బయలుదేరినా నాలుగైదు సార్లలో జవాబు స్థిరపడిపోతుంది. స్ప్రెడ్‌షీట్‌లో ఈ పని మొదటిసారి చేసినప్పుడు, వేల కిలోమీటర్ల తప్పు వరుసవరుసకూ కుంచించుకుపోయి చివరికి మీటర్లలో నిలబడటం చూసిన సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది.

సరిచూసుకోవడానికి ఒక ఆనవాలు ఇస్తాను. భూకేంద్రం నుంచి మూడు అక్షాల మీద విజయవాడ స్థానం సుమారు 999, 6,035, 1,800 కిలోమీటర్లు. మొదటిది గ్రీనిచ్ రేఖాంశం వైపు, రెండవది 90 డిగ్రీల తూర్పు వైపు, మూడవది ఉత్తర ధ్రువం వైపు కొలిచినది. మీ లెక్క ఈ దరిదాపుల్లోకి వస్తే దారిలో ఉన్నట్టే. వీటిని అక్షాంశ రేఖాంశాలుగా మార్చాక, మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశం 110.7 కిలోమీటర్లని, ఒక డిగ్రీ రేఖాంశం 106.8 కిలోమీటర్లని గుర్తుంచుకోండి. దశాంశ బిందువు తరువాత ఐదవ అంకె సుమారు ఒక మీటరు. ఏడెనిమిది అంకెలు చూపించే యాప్‌ను చూసి అంత ఖచ్చితమని భ్రమపడకూడదు.

ఆరవ దశ: దారిలో చేరిన తప్పులను దిద్దడం

ఉపగ్రహ గడియారంలోని తప్పును ఉపగ్రహమే సందేశంలో చెబుతుంది. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం కక్ష్యలోని గడియారం నేల మీది దానికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు వడిగా నడుస్తుంది. దీన్ని ప్రయోగానికి ముందే గడియారపు పౌనఃపున్యాన్ని తగ్గించి సరిచేస్తారు. దీన్ని పట్టించుకోకపోతే స్థానం రోజుకు 11 కిలోమీటర్లు తప్పుతుందని తరచుగా చదువుతుంటాం గాని, అన్ని ఉపగ్రహాలకూ సమానంగా ఉన్న తప్పు మనం నాలుగవ దశలో పెట్టుకున్న గడియారపు రాశిలో చాలావరకు కలిసిపోతుంది. రిసీవర్ తప్పనిసరిగా చేయవలసింది మరొకటి: కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్ల ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా వచ్చే తేడాను దిద్దడం. అది చిన్నదే అయినా కొన్ని మీటర్లకు సమానం.

మన ప్రాంతానికి అసలు సమస్య అయనావరణం. సూర్యకాంతి వల్ల విద్యుదావేశం పొందిన ఆ పై వాతావరణపు పొర సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది. ఆలస్యం కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల దాకా ఉంటుంది. భూ అయస్కాంత మధ్యరేఖ భారతదేశపు దక్షిణ కొసను తాకుతూ పోతుంది గనుక, విజయవాడ, గుంటూరు ఆ పొర అల్లకల్లోలంగా ఉండే మండలంలోనే ఉన్నాయి. జీపీఎస్ సందేశంలో వచ్చే ఎనిమిది గుణకాలతో వేసే నమూనా ఈ ఆలస్యంలో సుమారు సగాన్నే తీసివేయగలదు. సూర్యుడు చురుకుగా ఉన్న సంవత్సరాల్లో, ముఖ్యంగా పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల దగ్గరి నెలల్లో, పొద్దుగుంకిన తరువాత కొన్ని గంటలపాటు సంకేతాలు మిణుకుమిణుకుమంటూ తెగిపోతుంటాయి. పొలం సర్వేకు రిసీవర్ తీసుకువెళ్లేవారు ఆ రోజుల్లో పని ఉదయం పూట పెట్టుకోవడం మేలు.

దీనికి మంచి మందు రెండు పౌనఃపున్యాలు వినగల రిసీవర్. ఈ ఆలస్యం పౌనఃపున్య వర్గానికి విలోమంగా మారుతుంది. అందువల్ల 1575.42 మెగాహెర్ట్జ్ మీద కొలిచిన దూరాన్ని 2.26 తో గుణించి, అందులోంచి 1176.45 మెగాహెర్ట్జ్ మీద కొలిచిన దూరాన్ని 1.26 తో గుణించి తీసివేస్తే, అయనావరణపు ప్రభావం దాదాపు పూర్తిగా పోతుంది. భారతదేశపు నావిక్ ఉపగ్రహాలు మొదటి నుంచీ 1176.45 మీదనే పౌర సంకేతం ఇస్తున్నాయి. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి బయలుదేరినది వాటిలో మొదటిది; 2023 మే 29న వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 తో 1575.42 కూడా చేరింది. ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ, దేశమంతటా నెలకొల్పిన కేంద్రాల్లో ఈ ఆలస్యాన్ని కొలిచి, భూస్థిర ఉపగ్రహాల ద్వారా దిద్దుబాటును ప్రసారం చేస్తుంది.

కింది గాలి పొర ప్రభావం నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికి సుమారు రెండున్నర మీటర్లు. దిగంతానికి దగ్గరైన కొద్దీ దానికి పది రెట్ల దాకా పోతుంది. అందుకే 10 డిగ్రీల కంటే దిగువనున్న ఉపగ్రహాలను లెక్కలోంచి తీసివేయడం మంచి అలవాటు. గోడల నుంచి పరావర్తనమై వచ్చిన సంకేతాలకు మాత్రం సూత్రం లేదు. బలం తక్కువగా ఉన్న వాటికి తక్కువ విలువ ఇవ్వడం, మిగిలిన వాటితో పొసగని దాన్ని పక్కన పెట్టడమే మార్గం.

ఏడవ దశ: ఎత్తును సముద్ర మట్టానికి తేవడం

ఇప్పుడు మైనస్ 60 దగ్గరకు వద్దాం. రిసీవర్ మొదట ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కొలిచినది కాదు. భూమికి ప్రతిగా గణితంలో గీసుకున్న, ధ్రువాల వద్ద కాస్త నొక్కిన నున్నని గోళం నుంచి కొలిచినది. దాని మధ్యరేఖా వ్యాసార్ధం 63,78,137 మీటర్లు. అసలు సముద్రం అంత నున్నగా ఉండదు. భూమి లోపలి పదార్థం అన్నిచోట్లా ఒకేలా లేనందువల్ల గురుత్వం మారుతూ, నీటిమట్టం కూడా ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద పల్లం మన పక్కనే, భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఉంది; అక్కడ నీటిమట్టం ఆ గణిత ఉపరితలానికి సుమారు 106 మీటర్ల దిగువన ఉంటుంది. ఆ పల్లపు వాలు మీదనే కృష్ణా డెల్టా కూడా ఉంది. విజయవాడ దగ్గర సముద్ర మట్టం గణిత ఉపరితలానికి సుమారు 80 మీటర్ల కింద ఉంటుంది.

కనుక మైనస్ 60 లోంచి మైనస్ 80 తీసివేస్తే ప్లస్ 20. బ్యారేజీ ఎత్తు ఇరవై మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది గనుక లెక్క కుదిరింది. కొన్ని యాప్‌లు ఈ తేడాను తామే సరిచేస్తాయి, కొన్ని చేయవు. ఏది చేస్తుందో తెలుసుకోవడానికి రైల్వే స్టేషనుకు వెళ్లి, పసుపు పచ్చ బోర్డు మీద ఊరి పేరు కింద రాసిన సముద్ర మట్టపు ఎత్తుతో పోల్చండి. పైకప్పు లేని చోట, ఐదు నిమిషాలు ఆగి సగటు తీయండి. ఎనభై మీటర్ల తేడా వస్తే యాప్ దిద్దలేదని అర్థం. ఐదు పది మీటర్ల తేడా మాత్రం మామూలే. ఉపగ్రహాలన్నీ మనకు పైనే ఉంటాయి, నేల కింద ఒక్కటీ ఉండదు గనుక, ఎత్తులోని తప్పు అక్షాంశ రేఖాంశాల్లోని తప్పుకు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది.

ఎనిమిదవ దశ: వేగం

ఒక సెకను వ్యవధిలో రెండు స్థానాలు తీసుకుని, మధ్య దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందని ఎవరికైనా తోస్తుంది. కాని ఆ రెండు స్థానాల తప్పుల మధ్య మూడు మీటర్ల తేడా ఉంటే, కదలకుండా నిలబడినవారు కూడా గంటకు 11 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతున్నట్టు వస్తుంది. అందుకే మంచి రిసీవర్లు వేగాన్ని స్థానాల నుంచి కాక, నేరుగా డాప్లర్ ప్రభావం నుంచి తీస్తాయి. స్టేషను దాటిపోయే రైలు కూత స్వరం మారినట్టే, ఉపగ్రహానికీ మనకూ మధ్య దూరం మారుతుంటే సంకేతపు పౌనఃపున్యం మారుతుంది. 1575.42 మెగాహెర్ట్జ్ సంకేతపు తరంగదైర్ఘ్యం 19 సెంటీమీటర్లు. ఉపగ్రహం దిక్కుగా సెకనుకు ఒక మీటరు వేగంతో కదిలితే పౌనఃపున్యం 5.25 హెర్ట్జ్ మారుతుంది.

ఉపగ్రహం కూడా కదులుతూనే ఉంటుంది. దాని వల్లే 5,000 హెర్ట్జ్ దాకా మార్పు రావచ్చు. మూడవ దశలోని కక్ష్య వివరాల నుంచి ఆ భాగాన్ని లెక్కగట్టి తీసివేయాలి. ఇంకా మన స్ఫటికం పది లక్షల్లో ఒక వంతు తప్పు నడిచినా అది సెకనుకు 300 మీటర్ల వేగంలా కనిపిస్తుంది. కనుక ఇక్కడా నాలుగు తెలియని రాశులే: మూడు దిక్కుల వేగాలు, గడియారం ఎంత వడిగా తప్పుతోంది అన్నది. ఐదవ దశలో వేసిన పట్టికే ఇక్కడ కూడా పనికివస్తుంది. ఈసారి మళ్లీ మళ్లీ చేయనక్కరలేదు, ఒక్కసారి సాధిస్తే చాలు. ఆకాశం తెరిచి ఉన్నచోట ఈ వేగం సెకనుకు పది సెంటీమీటర్ల దాకా ఖచ్చితంగా వస్తుంది.

పరీక్షించాలంటే విజయవాడ నుంచి గుంటూరుకు మంగళగిరి మీదుగా వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. జాతీయ రహదారి మీద బస్సు నిలకడగా పోతున్నప్పుడు కిలోమీటరు రాళ్ల మధ్య పట్టిన సెకన్లు లెక్కపెట్టి, 3,600 ను ఆ అంకెతో భాగించండి. 50 సెకన్లు పడితే 72 కిలోమీటర్ల వేగం. ఫోను చెప్పినది దానికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపు ఉంటుంది. డ్రైవరు ముందున్న మీటరు ఇంకొంచెం ఎక్కువ చూపించవచ్చు. అసలు వేగం కంటే తక్కువ చూపకూడదని దాన్ని సాధారణంగా కొంత ఎక్కువ చూపేలా అమర్చుతారు. బస్సు బ్రేకు వేసినప్పుడు ఫోనులోని అంకె ఒక క్షణం వెనకబడటం కూడా గమనించండి. పాత కొలతలకూ కొత్త కొలతకూ మధ్య తూకం వేసి ఒడిదుడుకులను నున్న చేసే వడపోత ఒకటి రిసీవర్ చివర ఉంటుంది. ఆ ఆలస్యం దాని వల్లనే వస్తుంది.